పాలపళ్ల సాక్ష్యం

హాలిఎల, తేయాకు ఫ్యాక్టరీ క్వార్టర్లు, శ్రీలంక
9 ఫిబ్రవరి 1994

ప్రియమైన అక్కకు చిత్రాంగని రాసేది.

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ బాగానే ఉన్నామని రాద్దామని కూచున్నాను కానీ, మొన్న ఆదివారం మా చూటి పడింది. మా వాకిట్లో మూడు సిమెంటు మెట్లున్నాయి కదా, అక్కడే. పక్కింటి సెల్లమ్మ కోడి మా వాకిట్లోకి వచ్చింది. చూటి దాని వెనకాల పరిగెత్తింది. నేను కుళాయి దగ్గర బట్టలు పిండుతున్నాను. "అయ్యో పాప పడింది" అని సెల్లమ్మ కేక విని తిరిగి చూసేసరికి నోరంతా రక్తం.

కడిగి చూస్తే పై ముందుపళ్లు రెండింట్లో కుడిది లేదు. ఊడిపోయిందనుకున్నాం. నేనూ సెల్లమ్మా వాకిలంతా చీపురుతో ఊడ్చి, ఆ మట్టిని జల్లెడ పట్టాం. మీ మరిది ఫ్యాక్టరీ నుంచి వచ్చి మా ఇద్దరినీ చూసి, "ముత్యం గానీ పారేసుకున్నారా ఏమిటి?" అన్నారు. పిల్ల పెదవి చూశాక దాన్ని ఎత్తుకుని బస్సు దగ్గరికి నడిచారు.

బదుల్ల ఆస్పత్రికి తీసుకెళ్లాం. పళ్ల డాక్టరు పెదవి పైకెత్తి చూసి, "ఊడలేదమ్మా, లోపలికి దిగిపోయింది. పాలపన్ను కదా, దానంతటదే కిందికి వస్తుంది. ఎవరూ కదిలించకండి" అన్నారు. గోడలోకి మేకు దిగినట్టు పన్ను చిగురులోకి దిగుతుందని నేనెప్పుడూ వినలేదు. దాని పైన పెద్ద పన్ను మొలక ఉంటుందట. దానికీ దెబ్బ తగిలి ఉంటే పెద్దయ్యాక పిల్ల నవ్వు ఎలా ఉంటుంది అక్కా? నువ్వు రోజూ బడిపిల్లల పళ్లు చూస్తావు. నువ్వు చెబితే నాకు ధైర్యం.

ఇంకో సంగతి. నీకెలా రాయాలో తెలియక వారం రోజులు ఆగాను. నాకిప్పుడు మూడో నెల. వాంతులు విపరీతంగా ఉన్నాయి.

నీ చెల్లెలు
చిత్ర


మాతర
20 ఫిబ్రవరి 1994

చిత్రా,

నీ ఉత్తరం బడి చిరునామాకే వచ్చింది. పిల్లలు ఇంటర్వెల్‌కు వెళ్లినప్పుడు చదివాను. పద్నాలుగేళ్లుగా పళ్ల నర్సుగా ఈ గదిలో రోజుకు ముప్పై నోళ్లు చూస్తున్నాను, అయినా మన పిల్ల నోరనేసరికి ఉత్తరం రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు.

డాక్టరు చెప్పింది నిజమే. లోపలికి దిగిన పాలపన్ను రెండు మూడు నెలల్లో, ఒక్కోసారి ఆరు నెలల్లో, మెల్లగా తిరిగి వస్తుంది. నువ్వు వేలితో లాగకు. అన్నం మెత్తగా పిసికి పెట్టు. తిన్నాక ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డతో చిగురు తుడువు. పక్క పన్ను రంగు మారినా, చిగురు మీద మొటిమలా పొక్కు లేచినా వెంటనే ఆస్పత్రికి పట్టుకెళ్లు. పెద్ద పన్ను సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఏడేళ్లకు అది వచ్చినప్పుడు దాని మీద మచ్చ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. పరిగెత్తే పిల్ల పడితే, రెండేళ్లదైనా, ముందు చేతులు ఆనిస్తుంది. చూటి అరిచేతులు గీరుకున్నాయా? మోకాళ్లు? నువ్వు రాయలేదు. కంగారులో మరచిపోయి ఉంటావు.

రెండో సంగతి కూడా చదివాను. సంతోషం. బావగారికి చెప్పాను. ఆయన పెరట్లోకి వెళ్లి బొప్పాయి చెట్టుకు పాదు చేస్తూ చాలాసేపు ఉండిపోయారు.

అక్క
పియసీలి


హాలిఎల
24 ఏప్రిల్ 1994

ప్రియమైన అక్కా,

మన కొత్త సంవత్సరానికి మీరిద్దరూ వస్తారని ఎదురుచూశాం. పాలబువ్వ వండి, ముందుగా నీ పేరు చెప్పి ఒక ముద్ద పక్కన పెట్టాను. చూటి అది కూడా తినేసింది.

అరిచేతులు గీరుకోలేదు. ఒక చేతిలో బిస్కట్టు, రెండో చేతిలో నా దువ్వెన. రెండూ వదల్లేదు మహాతల్లి. అందుకే మొహం మీద పడింది. మోకాలు మాత్రం కొంచెం చెక్కుకుపోయింది.

మంచి వార్త, లోపలికెళ్లిన పన్ను కనబడుతోంది. బియ్యపు గింజంత తెల్లగా తొంగి చూస్తోంది. చెడ్డ వార్త, దాని పక్కది రంగు మారింది. డికాషన్‌లో నానబెట్టినట్టుంది. మీ మరిది దాన్ని చూసి, "తేయాకు ఫ్యాక్టరీ పిల్ల కదా, పన్ను కూడా అదే రంగు" అని ఆటపట్టిస్తారు. నాకు నవ్వు రాదు.

ఇప్పుడు రాసేది నీకొక్కదానికే. బావగారికి కూడా చెప్పకు. పడినప్పటి నుంచీ చూటి చెంచా చూస్తే పళ్లు బిగించేస్తుంది. బరువు తగ్గిపోతోంది. క్లినిక్కులో నర్సు నన్ను నలుగురిలో తిట్టింది. పోయిన మంగళవారం పొద్దుట్నుంచీ నాకు నాలుగుసార్లు వాంతి అయింది. గంజి కాచి గంటసేపు బతిమాలాను. రెండుసార్లు నా మొహం మీద ఉమ్మింది. అక్కా, నాకు ఏం పట్టిందో తెలియదు. దాని ముక్కు పట్టుకుని చెంచా నోట్లోకి తోశాను. పై పెదవిని చిగురుకు కలిపే సన్నటి పొర ఉంటుంది చూడు, అది తెగింది. గంజిలో రక్తం పడింది.

తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇద్దరం ఏడ్చాం. అది నా కళ్లు తుడిచింది. దాని మొహం చూసినప్పుడల్లా నా చేయి నరుక్కోవాలనిపిస్తుంది. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కుతుందని నీకు రాస్తున్నాను.

చిత్ర


మాతర
3 మే 1994

నా బంగారు చెల్లీ,

ఏడవకు. అలసిపోయిన తల్లి చేయి అది, నీ చేయి కాదు. ఆ పొర చిన్నపిల్లల్లో త్వరగానే అతుక్కుంటుంది. నువ్వు అక్కకు కాక ఎవరికి చెప్పుకుంటావు? అమ్మ ఉంటే అమ్మకు చెప్పేదానివి. అమ్మ లేదు, నేనున్నాను.

ఏదీ దాచకు. దాస్తే నేను సరైన సలహా ఇవ్వలేను. అలా ముక్కు పట్టుకుని పెట్టడం ఇది ఎన్నోసారి? ఏ తారీకుల్లో? అప్పుడు మరిది ఇంట్లో ఉన్నాడా? చూటి నిన్ను చూసి దూరంగా జరుగుతోందా? ఎప్పుడైనా చేయి చేసుకున్నావా? అన్నీ విడివిడిగా, నీ సొంత మాటల్లో రాయి. మా దగ్గర పిల్లల దెబ్బలకు ఒక పద్ధతి ఉంది, దాని ప్రకారం చూసి చెబుతాను.

నా మాట విని, నీ కాన్పు అయ్యేవరకు చూటిని ఇక్కడికి పంపు. నా ఇంట్లో పిల్లకు సరిపడా చోటుంది. చోటు తప్ప ఇంకేమీ లేదు.

అక్క


హాలిఎల
19 మే 1994

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు నెలల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ముక్కు పట్టుకోవడం మూడుసార్లు జరిగింది. రెండుసార్లు మార్చి చివర్లో, ఒకసారి ఏప్రిల్లో, అదే నీకు రాసింది. మీ మరిది అప్పుడు ఫ్యాక్టరీలో ఉన్నారు. తారీకులు గుర్తులేవు. చూటి నన్ను చూసి జరగదు. చెంచాను చూసి జరుగుతుంది.

రంగు మారిన పన్ను పైన చిగురు మీద నువ్వు చెప్పినట్టే పొక్కు లేచింది. జ్వరం వచ్చింది. పోయిన శుక్రవారం బదుల్లలో పన్ను తీసేశారు. సూది వేసేటప్పుడు కాళ్లు ఒకరు, తల ఒకరు పట్టుకున్నారు, చేతులు నన్ను పట్టుకోమన్నారు. అది నా బొటనవేలు రక్తం వచ్చేలా కొరికింది. నేను దాని చెంప మీద కొట్టాను. చేయి దానంతటదే లేచింది. నర్సు నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీదే ఉంది. పన్ను తీశాక చూటి ఏడుపు ఆపి, నా వేలు పట్టుకుని, "అమ్మకు అబ్బు" అని ఊదింది. దెబ్బను అది అబ్బు అంటుంది.

దాన్ని పంపమన్నావు. పంపలేను అక్కా. నీ దగ్గర దానికేమీ తక్కువ కాదని తెలుసు. అది లేకపోతే నాకు పొద్దు గడవదు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నువ్వు అడిగే ప్రశ్నలు చూస్తే భయమేస్తోంది. ఎవరో ఆఫీసరు అడిగినట్టున్నాయి. పిల్లల నోట్లో అద్దం పెట్టి చూడటం వేరు, ఇరవై నాలుగు గంటలూ పెంచడం వేరు. అది పెంచినవాళ్లకే తెలుస్తుంది.

రాసేశాక చింపేద్దామనుకున్నాను. కానీ మన మధ్య దాపరికం ఎందుకు.

చిత్ర


మాతర
27 మే 1994

చిత్రా,

కోపం లేదు. నువ్వన్నది నిజం. నేను పెంచలేదు కాబట్టి నాకు తెలియదు.

పన్ను తీసిన చోట చల్లటి పాలు పట్టించు.

పియసీలి


హాలిఎల
21 జూన్ 1994

అక్కా,

అక్కా అని ఎందుకు రాశానో నాకే తెలియడం లేదు. వేరే ఎలా మొదలుపెట్టాలో తోచలేదు.

నిన్న పదకొండింటికి ఇంటి ముందు జీపు ఆగింది. పిల్లల సంరక్షణ అధికారి, ఆయనతో ఒక ఆడమనిషి, ఒక కానిస్టేబులు. మీ మరిది కూడా ఇంట్లోనే ఉన్నారు. అధికారి సంచిలోంచి కాగితాలు తీశాడు. ఆ కవరు మీద స్టాంపు నేను అంటించిందే.

"ఇది మీ చేతిరాతేనా అమ్మా?"

"అవును."

"చదవండి."

"నేను రాసిందే కదా, మళ్లీ ఎందుకు చదవడం?"

"అయితే నేను చదువుతాను, వినండి" అని చదివాడు. ముక్కు పట్టుకుని చెంచా తోశాను అన్న చోట ఎర్ర పెన్సిలుతో గీత ఉంది. చెంప మీద కొట్టాను అన్న చోట రెండు గీతలున్నాయి. చేయి నరుక్కోవాలనిపిస్తుంది అన్న చోట గీత లేదు, అది ఆయన చదవలేదు. అది నా కళ్లు తుడిచింది అన్నదీ చదవలేదు.

మీ మరిది, "అది వాళ్లక్కకు రాసుకున్న ఉత్తరం సార్, మీ దగ్గరికెలా వచ్చింది?" అన్నారు.

"అక్కగారే ఇచ్చారు. గవర్నమెంటు ఉద్యోగి. పిల్లల పళ్ల దెబ్బలు చూడటంలో అనుభవం ఉన్న మనిషి. బదుల్ల వచ్చి వాంగ్మూలం ఇచ్చి వెళ్లారు."

బదుల్ల వచ్చావట. అక్కడి నుంచి మా ఇంటికి పది కిలోమీటర్లు. రాలేదు.

మెట్టు మీద పడిన సంగతీ, అది అప్పుడే నీకు రాసిన సంగతీ చెప్పాను. "ఆ ఉత్తరం మా దగ్గర లేదే" అన్నాడు. సెల్లమ్మను పిలుచుకొచ్చాను. ఆమె సింహళంలో రెండు ముక్కలు, తమిళంలో పది ముక్కలు చెప్పింది. ఆయన రాసుకోలేదు. కూడా వచ్చిన ఆడమనిషి చూటి పెదవి పైకెత్తి చూసి, "ఒక పన్ను లేదు, ఒకటి సగమే ఉంది, పొర మీద మచ్చ ఉంది" అని చెబితే అది మాత్రం రాసుకున్నాడు.

చూటిని నీ ఇంటికి పంపడానికి ఆర్డరు ఉందట. తగిన బంధువు అని నీ పేరు. మీ మరిది గుమ్మానికి అడ్డంగా నిలబడితే కానిస్టేబులు భుజం మీద చేయి వేసి, "వద్దన్నా, కేసు పెద్దదవుతుంది, ఉద్యోగం పోతుంది" అన్నాడు. పొయ్యి మీద దాని అన్నం ఉడుకుతోంది. అది తినేదాకా ఆగమన్నాను. ఆగలేదు.

జీపు ఎక్కడమంటే దానికి సరదా. నవ్వుతూ వెళ్లింది. మలుపు దగ్గర నేను వాళ్లతో లేనని చూసుకుంది. అప్పుడు ఏడుపు వినబడింది.

నేను నీకు ఏం చేశాను?

చిత్రాంగని


మాతర
6 జులై 1994

చిత్రా,

చూటి క్షేమం. మొదటి నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఐదో రోజు నా చేత్తో పెడితే తింది. చేత్తో పెట్టాను, చెంచాతో కాదు.

నేను ఏం చేశానని అడుగుతున్నావు. నా ఉద్యోగం చేశాను. మా శిక్షణలో మాకు చెప్పిన మొదటి మాట, బిడ్డ నోట్లో దెబ్బ కనిపిస్తే తల్లి మొహం చూడొద్దు, నోరే చూడు అని. బడిలో ఎవరో పిల్లకు అదే పొర తెగి ఉంటే నేను రాసి పంపేదాన్ని. చెల్లెలి పిల్ల కాబట్టి ఊరుకుంటే ఆ పిల్లకు న్యాయం ఏముంది?

నువ్వు రాసిన ప్రతి మాటా నీదే. నేను ఒక్క అక్షరం కలపలేదు.

నీకు కడుపులో ఇంకొకటి ఉంది. నువ్వు ఒళ్లు చూసుకో. ప్రయాణాలు వద్దు. వస్తే పిల్ల మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ అన్నం మానేస్తుంది. డాక్టరు కూడా అదే అన్నారు.

పియసీలి


హాలిఎల
16 అక్టోబరు 1994

అక్కా,

ఆగస్టు ఇరవై ఎనిమిదిన ఆడపిల్ల పుట్టింది. నెలుమి అని పేరు పెట్టాం. మీ మరిది టెలిగ్రాం ఇచ్చారు, నీ నుంచి జవాబు రాలేదు.

నెలకోసారి ఆ ఆడమనిషి వచ్చి నెలుమి నోరు తెరిచి చూసి పోతోంది. ఇంకా పళ్లే లేవు, ఏం చూస్తారని అడిగితే, "చిగుళ్లు చూస్తాం" అంది. దాని బుగ్గ మీద దోమ కుట్టి ఎర్రబడితే మూడు రోజులు నాకు తిండి సహించలేదు. పాలు పడుతున్నప్పుడు ఎవరైనా వాకిట్లో నడిస్తే ఉలిక్కిపడతాను. నా పాలు తగ్గిపోయాయి.

ఒక్కటే అడుగుతాను. ఫిబ్రవరిలో నేను రాసిన మొదటి ఉత్తరం నీ దగ్గరుంటుంది. కోడి, మెట్టు, సెల్లమ్మ, అన్నీ అందులో ఉన్నాయి. బిస్కట్టు సంగతి ఉన్న కాగితం కూడా అధికారి దగ్గర లేదట, ఏప్రిల్ ఉత్తరంలో రెండో పేజీ మాత్రమే ఉందట. జనవరిలో మేజిస్ట్రేటు ముందు విచారణ ఉంది. ఆ కాగితాలు పంపు. నీ కాళ్లు పట్టుకుంటాను.

చూటి నన్ను అడుగుతోందా?

చిత్ర


మాతర
2 నవంబరు 1994

చిత్రా,

నెలుమికి నా ఆశీస్సులు.

ఆ ఉత్తరం కోసం వెతికాను. బడి గదికి సున్నం వేసినప్పుడు చాలా కాగితాలు పోయాయి. అందులో పోయి ఉంటుంది.

చూటికి ఇప్పుడు మాటలు బాగా వచ్చాయి. రోజూ పొద్దున నాతో బడికి వస్తుంది. నేను పిల్లల పళ్లు చూస్తుంటే పక్కన బల్ల మీద కూచుని వాళ్లకు, "నోలు తెలువు, పెద్దగా" అని ఆర్డర్లు వేస్తుంది. మొన్న ఒక రెండో తరగతి పిల్లాడు భయపడి ఏడిస్తే, "మా అమ్మ నొప్పి పెట్టదులే" అంది.

అడిగావు కాబట్టి రాశాను. నేనేమీ నేర్పలేదు. బడిలో పిల్లలందరూ నన్ను అమ్మ అనే పిలుస్తారు, అది విని అంటోంది.

పియసీలి


హాలిఎల
5 ఫిబ్రవరి 1995

అక్కా,

కోర్టులో నీకూ నాకూ మధ్య ఒక్క బెంచీ దూరం. నువ్వు తల తిప్పలేదు. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

సెల్లమ్మ తన పెళ్లి చీర కట్టుకుని వచ్చింది. అక్కా, ఆమె పుట్టాక ఎప్పుడూ కోర్టు మెట్లు ఎక్కలేదు. మీ వకీలు ఆమెను అడిగింది నువ్వూ విన్నావు.

"మీరు ఈవిడ ఇంట్లో అన్నం తింటారా?"

"పండక్కి పెడుతుంది సామీ."

"పాత చీరలు ఇస్తుందా?"

"రెండు ఇచ్చింది."

"అంతే సార్" అని కూచున్నాడు. ఆమె నావైపు తిరిగి, నేనేం తప్పు చెప్పానమ్మా అన్నట్టు చూసింది. ఇంటికి వచ్చాక ఆ రెండు చీరలూ తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్లింది.

తర్వాత నిన్ను అడిగారు. మెట్టు మీద పడితే పన్ను లోపలికి దిగుతుందా అని. "దిగవచ్చు" అన్నావు. పొర తెగుతుందా అని అడగలేదు. పడినా తెగుతుందని బదుల్ల డాక్టరు మీ మరిదితో చెప్పారు. నీకు తెలియదా? వాళ్లు అడగలేదు, నువ్వు చెప్పలేదు. నేను చెంచాతో తెగిందని రాసిచ్చాను కాబట్టి ఇక ఆ ప్రశ్న ఎవరికీ అవసరం లేకపోయింది. నిజం రాసినందుకు నాకు పడిన శిక్ష ఇది.

ఆఖరికి మేజిస్ట్రేటు చూటిని దగ్గరికి పిలిచి, "మీ అమ్మ ఎక్కడుంది పాపా?" అన్నారు. అది ఇటు చూసింది. నన్ను చూసింది అక్కా, నేను ప్రమాణం చేస్తాను. కనుబొమలు ముడిచి, ఎక్కడో చూశానే అన్నట్టు చూసింది. తర్వాత నీ దగ్గరికి పరిగెత్తింది. ఇంకో ఏడాది నీ దగ్గరే ఉండాలని తీర్పు.

నేను కొట్టాను, తోశాను. ఒప్పుకుంటాను. అందుకు ఎంత కాలం?

చిత్ర


హాలిఎల
12 నవంబరు 1995

అక్కకు,

మార్చిలో, జూన్‌లో, ఆగస్టులో రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

నువ్వు ఏమన్నా ఒప్పుకుంటాను. ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా పెడతాను. ఒక్కసారి దాన్ని చూడనివ్వు. నెలుమిని తీసుకురాను, ఒక్కదాన్నే వస్తాను. ఆదివారం పొద్దున్నే వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాను. దాన్ని ముట్టుకోవద్దంటే ముట్టుకోను. ఏడవను.

ఇంక నీకు వ్యతిరేకంగా కోర్టులో మాట్లాడనని బావగారికి కూడా విడిగా రాశాను.

చిత్ర


మాతర
10 డిసెంబరు 1995

చిత్రా,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని మరిది కార్డు రాశాడు.

నిన్ను రానిచ్చినందుకు ఇప్పుడు బాధపడటం లేదు. నిజం చెప్పాలంటే ముందు భయపడ్డాను. వారం నుంచీ నిద్రలేదు. నువ్వు గేటు తీసిన చప్పుడయ్యేసరికి చూటి నా ఒళ్లో కూచుని పళ్లు తోముకుంటోంది. నువ్వు గుమ్మంలో నిలబడి దాని పేరు పిలిచావు. అది నా మెడ చుట్టూ చేయి వేసి, "ఎవలు?" అంది. "పిన్ని" అన్నాను. ఆ మాట నువ్వు సరిదిద్దుతావని చూశాను. నీ పెదవులు కదిలాయి. తర్వాత వంగి చెప్పులు విప్పుకున్నావు. బావగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను కూచునే ఉన్నాను.

మధ్యాహ్నం అన్నం నువ్వు పెడతానన్నావు. పెట్టనిచ్చాను. నీ చేతిలో ముద్ద చూసి అది నోరు తెరిచింది, మొత్తం తింది, ఇంకా కావాలంది. నువ్వు అది చూసి నాకేసి చూశావు. నాకు అర్థమైంది. దానికి నీ మీద భయం లేదు, ఎప్పుడూ లేదేమో. అయినా ఇప్పుడు అది తేల్చుకుని ఎవరికి లాభం?

జనవరిలో శాశ్వత దత్తత కాగితాలు వేస్తున్నాం. అధికారి మీ ఇద్దరి సంతకాల కోసం వస్తాడు. నువ్వు పెడతానని రాశావు, ఆ ఉత్తరం దాచి ఉంచాను. నెలుమికి పళ్లు వచ్చాయని అన్నావు. జాగ్రత్తగా చూసుకో. ఆ ఆడమనిషి ఇంకా వస్తూనే ఉంటుంది కదా.

మొన్న పెట్టెలు సర్దుతుంటే పాత ఉత్తరాలు కొన్ని బయటపడ్డాయి. నువ్వు అడుగుతూ వచ్చినవి కూడా అందులో ఉన్నాయి. చెదలు పట్టి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. పొయ్యిలో వేశాను.

ఇకమీదట ఉత్తరాలు బావగారి పేరు మీద రాయి. చూటి చదువు నేర్చుకుంటోంది, కవరు మీద అక్షరాలు కూడబలుక్కుంటుంది.

నువ్వు బస్సెక్కాక అది కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. పిన్ని ఎందుకు ఏడ్చింది అని అడిగింది. పంటి నొప్పి అని చెప్పాను.

"మలి నువ్వు ఎందుకు చూళ్లేదమ్మా?" అంది.

పియసీలి